చిన్న కప్పీ

మార్చి 4

ఒరే మేకూ,

మీ గని దగ్గర ఫోను పలకదని తెలుసు. అయినా నీతో ఒక్క మాట చెప్పాలంటే కాగితం వెతుక్కోవడం, గురువారం సరుకుల బండి కోసం కాచుక్కూచోవడం తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. నువ్వు అక్కడ చేరి ఎన్నాళ్లైంది, ఒక్క స్తంభమైనా పాతించలేకపోయావా?

సరే, అసలు సంగతి. నాకొక కేబుల్ మెషీన్ కావాలి. వ్యాయామశాలల్లో ఉంటుందే, హ్యాండిల్ లాగితే తాడు కప్పీ మీదుగా వెళ్లి ఇనప ప్లేట్లను ఎత్తుతుంది, అది. అంత పెద్దది కాదు. నా గది నువ్వు చూశావుగా, మంచానికీ గోడకీ మధ్య నేను చేతులు చాపితే గోళ్లు గీసుకుపోతాయి. కింద ఓనరమ్మ గోడకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వదు. అందుకని మడిచి మంచం కిందకు తోసేదీ, ఇల్లు మారితే చేత్తో పట్టుకుపోయేదీ కావాలి.

దుకాణంలో మూడు చూశాను. ఒకటి తలుపుకు పట్టీతో తగిలించేది, కింద బరువు సంచి వేలాడుతుంది. రెండోది సూట్‌కేసంత పెట్టె. బరువులే ఉండవు, లోపల మోటారు తాడును బిగించి పట్టి ఉంచుతుంది, ఎన్ని కిలోలు కావాలో పైన నొక్కితే చాలు. మూడోది ఇనప పీట మీద నా ఛాతీ ఎత్తు స్తంభం, అడుగున చక్రాలు, కడ్డీకి ప్లేట్లు ఎక్కించుకోవాలి. ఖాళీగా పద్నాలుగు కిలోలు. రోజూ మనుషుల్ని తాడు మీద పాతాళానికి దించి పైకి లాగే తమ్ముడుండగా దుకాణంవాడిని ఏం అడుగుతాను? ఏది తీసుకోమంటావు?

ఎందుకంటావా? ఏం లేదు, భుజం బిగుసుకుపోకుండా. కంట్రోల్ రూములో హెడ్‌ఫోను తగిలించుకుని "ఏ వీధి, ఏ అంతస్తు, లోపల ఎవరైనా ఉన్నారా" అని అడగడమే ఏడాదిగా నా ఉద్యోగం. అందరూ ఫైరింజనెక్కి పోతారు, నేను కుర్చీ మీద గుండ్రంగా తిరుగుతుంటాను. డాక్టరు మెల్లగా కదిలించమన్నాడు. అంతే.

త్వరగా రాయి. నీ "త్వరగా" అంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి ఇంకాస్త త్వరగా రాయి.

నీ అక్క,
నిచ్చెన

మార్చి 13

అక్కా,

స్తంభం పాతించే పని నాది కాదు, తాడు చూసే పని నాది. కాబట్టి తాడు సంగతే చెబుతాను.

తలుపుది వద్దు. తలుపు బందులకు వేసే మరలు వేలెడు కూడా ఉండవు. పైగా ఓనరమ్మ ఏదో అడగడానికి పైకొచ్చి తలుపు తోసిందంటే ఆ బరువంతా నీ మీదకే వస్తుంది. ఆవిడ తట్టి వచ్చే రకం కాదని నువ్వే చెప్పావు.

మోటారు పెట్టె కూడా వద్దు. కరెంటు పోయినప్పుడు అది ఒక్కసారిగా వదిలేస్తుందో, బిగుసుకుంటుందో దుకాణంవాడికే తెలియదు. లోపల ఏం తిరుగుతోందో మూత తియ్యకుండా చూడలేం. కంటికి కనిపించని తాడును నేను నమ్మను, నిన్ను నమ్మనివ్వను.

ఇనప పీటది తీసుకో. కప్పీ, తాడు, ముడి, కడ్డీ అన్నీ కళ్లెదుటే ఉంటాయి. పీట వెడల్పు మాత్రం నీ మోచెయ్యి నుంచి వేలి కొస దాకా ఉండాలి. తక్కువైతే నువ్వు పక్కకు లాగినప్పుడు అది కుక్కపిల్లలా నీ వెనకాలే నడిచొస్తుంది. కడ్డీ మీద నలభై కిలోలకు మించి ఎక్కించకూడదని అడుగున రాసి ఉంటుంది, చూసుకో. ఆ దుకాణంలో బిగించే పనివాడు గ్రీజు, నాతో పాటు పని నేర్చుకున్నవాడు. వాడికి వేరే ఉత్తరం రాశాను. వాడే వచ్చి బిగిస్తాడు. వాడు తాడు ఎలా ఎక్కిస్తే అలాగే ఉంచు, నువ్వు విప్పకు, మార్చకు.

ఇంకొకటి. వారానికోసారి పాత నూలు గుడ్డ ముక్క తీసుకుని, బరువు దించేసి, తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా గుప్పిట్లో పట్టి మెల్లగా తుడువు. అది ఇనప తీగలు పేనిన తాడు కదా, సన్నతీగ ఒక్కటి తెగినా గుడ్డ పట్టుకుంటుంది. కంటికి దొరకనిది గుడ్డకు దొరుకుతుంది. ఇక్కడ మనుషులెక్కే బోనును గనిలోకి దించే ముందు మేం చేసేదీ ఇదే. ఆ గుడ్డలు నాకు పంపు, నేనూ చూడాలి.

మెల్లగా కదిలించమన్నాడు అన్నావు. ఎన్ని కిలోలు, ఎన్నాళ్లు అని రాయలేదు. కిందటేడు గోదాము మంటల్లో ఒంటిచేత్తో నిచ్చెనకు వేలాడి, నాకు మాత్రం "బెణికింది" అని రాశావు. ఆపరేషనైన సంగతి నాలుగు నెలలకు ఓనరమ్మ రాస్తే తెలిసింది. అది నేను మరిచిపోలేదు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 3

ఒరే మేకూ,

మెషీన్ వచ్చింది! ఓనరమ్మ మెట్ల మీద అడ్డంగా నిలబడి "ఇదేమిటి, ఉరికొయ్యా?" అంది. చక్రాలు చూపించాను, మడిచి చూపించాను, మంచం కిందకు తోసి చూపించాను. ఆఖరికి తనే హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు లాగి, "నా మోకాళ్లకేమైనా చేస్తుందా?" అని అడిగింది.

నీ గ్రీజు మాత్రం అదో రకంగా ఉన్నాడు. నా మొహం చూడకుండా బిగించాడు. దుకాణంలో చూసినప్పుడు పైన ఒకటే కప్పీ ఉంది, వీడు కడ్డీ దగ్గర గుప్పెడంత చిన్న కప్పీ ఇంకొకటి తగిలించి తాడును దాని చుట్టూ తిప్పి మళ్లీ పైకి కట్టాడు. ఎందుకయ్యా అంటే "మెత్తగా నడవడానికండీ" అని సంచి సర్దుకుని మెట్లు దిగిపోయాడు. నేనింకా లాగనే లేదు! నీ స్నేహితులందరూ ఇంతేనా?

మెత్తగానే నడుస్తోంది. పొద్దున్నే లేచి మంచం కింద నుంచి లాగి, కిటికీ వైపు తిరిగి నిలబడి లాగుతాను. మొదటి వారం పది కిలోలు, ఇప్పుడు పద్నాలుగు. నీకు అంకెలు రాస్తూ ఉంటాను, నీ కడుపు చల్లగా ఉంటుంది. డాక్టరుకు కూడా చెప్పాను, బాగుందన్నాడు. గుడ్డ కూడా పెట్టాను చూడు. నా పాత యూనిఫాం లోపలి చొక్కా చింపాను. అది వేసుకుని ఎక్కిన నిచ్చెనలు లెక్కలేనన్ని, ఇప్పుడిలా తాళ్లు తుడుస్తోంది.

పక్క టేబుల్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి నిన్న మొదటి పెద్ద కాల్ వచ్చింది. ఏ వీధో అడగడమే మరిచిపోయింది. నేను హెడ్‌ఫోను లాక్కుని మాట్లాడాను. ఫైరింజను వెళ్లాక కిటికీలోంచి ఖాళీ షెడ్డు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఈ మాట నీకు కాక ఇంకెవరికి రాస్తాను?

నిచ్చెన

ఏప్రిల్ 14

అక్కా,

గుడ్డ అందింది. శుభ్రంగా ఉంది. ఒక నల్లటి చార తప్ప ఏం లేదు, కొత్త తాడుకు నూనె ఉంటుంది.

పద్నాలుగు కిలోలంటే నాకు నిశ్చింతగా ఉంది. అంతకన్నా తొందరేం లేదు. ఏడాది పట్టినా పట్టనీ. ఎవరు తరుముతున్నారు నిన్ను? చెప్పిన మాట వింటున్నావంటే నేనే నమ్మలేకపోతున్నాను.

ఇక్కడ మామూలే. బోనులో ముప్పైమంది దిగుతారు, ముప్పైమంది ఎక్కుతారు. పైనున్న పెద్ద కప్పీ ఇద్దరు మనుషులెత్తు. కొత్తగా వచ్చినవాళ్లు అంత పెద్దదెందుకని అడుగుతారు. తాడు ఎంత మెల్లగా వంగితే అంత కాలం బతుకుతుందని చెబుతాను. వాళ్లకు అర్థం కాదు, తల ఊపుతారు. నువ్వు కూడా అలాగే ఊపుతావు.

ఆ అమ్మాయి అడగడం మరిచిపోతే హెడ్‌ఫోను లాక్కున్నావు చూశావా, ఆ పని నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు. ఆ కుర్చీ తక్కువదేం కాదక్కా.

తమ్ముడు

మే 8

మేకూ,

కుర్చీ తక్కువదేం కాదని రాశావు. ఆ వాక్యం చదివి కాగితం మడిచి మెషీన్ పీట కింద పెట్టాను. రెండు రోజులు నీకు జవాబు రాయాలనిపించలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఉన్నదంతా ఒక్కసారే చెప్పేస్తాను.

జూన్ పద్దెనిమిదిన నాకు పరీక్ష ఉంది. స్టేషన్ టవరు మూడో అంతస్తులో నిలబడి, కింద ఉన్న ముప్పై కిలోల ఇసుక సంచిని తాడుతో నలభై సెకన్లలో పైకి లాగాలి. ఆ తర్వాత గొట్టం ఈడ్చాలి, నిచ్చెన ఎక్కాలి. అవి నాకు లెక్క కాదు. సంచి లాగితేనే మళ్లీ ఫైరింజను మీదకు తీసుకుంటారు. రెండు ప్రయత్నాలిస్తారు. రెండూ తప్పితే ఇక ఎప్పటికీ కంట్రోల్ రూమే, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మెషీన్ కొన్నది అందుకు. బిగుసుకుపోకుండా అన్నది నువ్వు గొడవ చెయ్యకూడదని నేను చెప్పిన మాట.

ఇక కంగారేం లేదు. నిన్న ముప్పై లాగాను! ఒక్కో చేత్తో పన్నెండేసి సార్లు. దించాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఓనరమ్మ కింద నుంచి "ఏమైందే?" అని అరిచింది.

నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను. సంతోషించు.

నిచ్చెన

మే 16

అక్కా,

ఇది కూర్చుని మూడోసారి రాస్తున్నాను. ముందు రాసిన రెండూ చించేశాను.

నువ్వు లాగింది ముప్పై కాదు. పదిహేను.

గ్రీజు తగిలించిన ఆ చిన్న కప్పీ మెత్తగా నడవడానికి కాదు. నేనే పెట్టించాను. తాడు అలా తిరిగితే బరువులో సగం పై కమ్మీ మోస్తుంది, సగమే నీ చేతికొస్తుంది. నువ్వు డాక్టరు చెప్పినదానికి రెట్టింపు ఎక్కిస్తావని నాకు తెలుసు. వద్దంటే వినవు. అందుకని నీకు చెప్పకుండా సగం చేశాను. భుజం మళ్లీ తెగకూడదు, అదొక్కటే అనుకున్నాను. పరీక్ష ఉందని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ పని చేసేవాడినా?

ఇప్పుడు నువ్వు టవరెక్కి, లాగగలననే ధీమాతో ఆ సంచి పట్టుకుంటే రెట్టింపు బరువు మీద పడుతుంది. భుజం పోతుంది, లేదా సంచి చెయ్యి జారి కింద ఎవరి మీదైనా పడుతుంది. నా ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో, చేరినా వింటావో లేదో తెలియదు. అందుకని ఇదే బండిలో మీ స్టేషన్ ఆఫీసరు గారికి కూడా రాశాను. మా అక్క సగం బరువుతో సాధన చేసింది, తప్పు నాది, ఆమెను ఇప్పుడే పరీక్షకు పంపకండి అని.

తిట్టు. ఎన్ని తిట్లైనా పడతాను. కుర్చీలో కూర్చున్నా నువ్వు నువ్వే. నాకు ఉన్నది ఒక్క అక్క.

తమ్ముడు

మే 29

తమ్ముడికి,

మేకు అని పిలవను. అది ముద్దుగా పెట్టిన పేరు.

ఆ చిన్న కప్పీ ఎందుకుందో మూడో రోజే తెలిసింది. హ్యాండిల్ ఒక మీటరు లాగితే ప్లేట్లు అర మీటరే లేచాయి. గోడకు టేపు అంటించి కొలిచాను. మా పొడుగు నిచ్చెన పైకి లేచేది తాడూ కప్పీల మీదే కదా, పదిహేడేళ్లు వాటితో పనిచేసినదాన్ని, కప్పీ ఎరగనిదాన్నా? నువ్వే పెట్టించావని కూడా అర్థమైంది. తమ్ముడు భయపడ్డాడులే, పోనీలే అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. ఆ రోజు నుంచి రెట్టింపు ప్లేట్లు ఎక్కించాను. నీకు రాసిన ప్రతి అంకె నా చేతికి వచ్చిన అసలు బరువు. ముప్పై అంటే ముప్పయ్యే. కడ్డీ మీద అరవై ఉంది.

నీకు చెప్పలేదు, నిజమే. చెబితే ఇంకేదో కప్పీ పంపుతావని చెప్పలేదు.

కానీ నువ్వేం చేశావు? ఆఫీసరు నన్ను పిలిచి నీ ఉత్తరం బల్ల మీద పెట్టాడు. గదిలో ఇంకో ఇద్దరున్నారు. "మీ తమ్ముడు రాసింది నిజమేనా?" అన్నాడు. ప్లేట్లు, టేపు, అరవై, ముప్పై అని నేను చెబుతుంటే, కథలల్లే పిల్లను చూసినట్టు చూశారు. పదిహేడేళ్ల సర్వీసులో నాకోసం ఇంట్లోవాళ్లు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఆయన ఆఖరికి ఏమన్నాడో తెలుసా? పరీక్ష రద్దు చెయ్యడట, కానీ సంచి లాగడానికి ఒకే ఒక్క ప్రయత్నం. రెండోది తీసేశాడు. కింద మనుషులుంటారు కాబట్టి సాహసం చెయ్యలేనన్నాడు. నా రెండో ప్రయత్నం నువ్వు తినేశావు.

నువ్వు భుజం అనుకుంటున్నావు. పోయేది భుజం కాదురా. ఫైరింజను గంట కొట్టుకుంటూ గేటు దాటుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడతానే, అది. రేపూ, ఎల్లుండీ, రిటైరయ్యేదాకా.

ఇదిగో ఆరో గుడ్డ, ఆఖరిది. పరీక్ష అయ్యేదాకా నీ ఉత్తరాలు విప్పను. వచ్చినవి వచ్చినట్టు మంచం కింద పడేస్తాను.

నీ అక్క

జూన్ 5

(కవరు మీద, రెండు పక్కలా, ఎర్ర పెన్సిలుతో)

విప్పకపోయినా ఫరవాలేదు. మెషీన్ ముట్టుకోకు. తాడు తెగబోతోంది. చిన్న కప్పీ దగ్గర చూడు. ఈ కవరు అందుకున్నవారెవరైనా ఆమెకు చదివి వినిపించండి.

(కవరు లోపల)

అక్కా,

నువ్వు పంపిన గుడ్డలు ఆరూ బల్ల మీద వరసగా పరిచాను. ఆరోదాంట్లో ఒక పోగు బయటకు లాగేసి ఉంది. గుడ్డ చింపినప్పుడు లేచిన పోగు కాదు, తెగిన తీగ పట్టుకుని లాగిన పోగు. నాలుగోదాంట్లోనూ ఉంది. నాలుగోది చేతికొచ్చిన రోజు నేను సరిగ్గా చూడలేదు. దాంతో పాటు పంపిన చీటీలో అంకె చిన్నదిగా ఉంది, అంత చిన్న బరువుకు తాడుకేమవుతుందిలే అని సొరుగులో పడేశాను. ఇక్కడ బోను తాడు మీద అలా చేసి ఉంటే నా ఉద్యోగం పోయేది. పోవాల్సిందే కూడా.

మా దగ్గర కప్పీ ఇద్దరు మనుషులెత్తు ఎందుకుంటుందో నీకు గొప్పగా రాశానే! అదే చేత్తో నీ తాడుకు గుప్పెడంత కప్పీ పెట్టించాను. పది కిలోలు, పదిహేను కిలోలు అనుకున్నాను. ఆ వంపులో అరవై వేలాడదీసి రోజూ వందసార్లు తిప్పితే తాడులో తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. చిన్న కప్పీ కొక్కెం కూడా నలభైకే చేసింది. నిన్ను కాపాడదామని పెట్టినదే నీ మీదకు వస్తోంది.

తెగితే నువ్వు లాగుతున్నప్పుడే తెగుతుంది. తాడు కొస మొహం మీదకు లేస్తుంది.

పరీక్ష మానమని ఈసారి అడగను. నీకు ముప్పై వచ్చిందంటే వచ్చినట్టే, నమ్ముతున్నాను. ఆఫీసరు గారికి రాయకుండా ఉండాల్సింది. మెషీన్ మాత్రం ముట్టుకోకు. ఇంకేం అడగను.

మేకు
(నువ్వు పిలవకపోయినా)

జూన్ 20

ఒరే,

కవరు పన్నెండో తారీకున వచ్చింది. పోస్టుమాన్ ఓనరమ్మ చేతికిచ్చాడు. ఎర్ర అక్షరాలు చూసి ఆవిడ మెట్లెక్కి పైకొచ్చింది. ఎప్పటిలాగే తలుపు తట్టలేదు.

నేను అప్పుడే అరవై ఎక్కించి హ్యాండిల్ పట్టుకున్నాను. ఆవిడ కవరు చదివింది. నేను నవ్వాను. "వాడి కొత్త నాటకం. ఆరు రోజుల ముందు నా చేత సాధన మానిపిస్తే పరీక్షలో పోతానని" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను రా. ముందు చెప్పకుండా సగం చేశావు, తర్వాత ఆఫీసరుకు రాశావు, ఇప్పుడిది. నిన్ను నమ్మడానికి ఏం మిగిల్చావు?

ఓనరమ్మ మెషీన్‌కూ నాకూ మధ్య వచ్చి నిలబడింది. "నువ్వు ఎవరినైనా ఎత్తి పక్కన పెట్టగలవని తెలుసు. నన్ను ఎత్తు, చూస్తాను. ఎర్ర పెన్సిలుతో నాటకాలు ఎవరూ రాయరు" అంది. ఆవిడకు చూపిద్దామని, కేవలం ఆవిడ నోరు మూయిద్దామని, ప్లేట్లు దించి గుడ్డ తీసుకుని తుడిచాను. నువ్వు చెప్పినట్టు మెల్లగా. అసలు ఇన్నాళ్లూ నేను హడావుడిగా ఒక్క గుంజు గుంజి గుడ్డ కవరులో పెట్టేదాన్ని, ఇది కూడా చెప్పేస్తున్నాను. చిన్న కప్పీ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆగిపోయింది. లాగితే చిరిగింది. కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే సగానికి సగం తీగలు తెగి పైకి లేచి ఉన్నాయి.

మర్నాడు మెషీన్ మడిచి బస్సులో గ్రీజు దగ్గరికి పట్టుకుపోయాను. వాడు నన్ను దూరంగా నిలబెట్టి, హ్యాండిల్‌కు ఇంకో పొడుగు తాడు కట్టి, గోడ చాటు నుంచి అరవై లాగాడు. ఒకటి. రెండు. మూడోసారి తెగింది. నేను నిలబడే చోట వాడు పెట్టిన రేకు సొట్టపోయింది. సొట్ట ఎక్కడుందో కొలిచాను. నా ముక్కు ఎత్తులో ఉంది. గ్రీజు నేల మీద కూర్చుండిపోయి, "మీ తమ్ముడు నన్ను చంపేసేవాడండీ" అన్నాడు.

ఆ అయిదు రోజులూ ఏ బరువూ ముట్టలేదు. నిద్ర లేచి కిటికీ దగ్గర ఊరికే నిలబడేదాన్ని. ఏం చెయ్యాలో తెలియక చేతులు నలుపుకుంటూ గదిలో తిరిగేదాన్ని. భయమేసింది. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు కానీ చాలా భయమేసింది.

పద్దెనిమిదిన టవరెక్కాను. ఆఫీసరు పక్కనే గడియారం పట్టుకుని నిలబడ్డాడు. కింద సంచి ఉన్న చోటు చుట్టూ అడ్డంగా తాడు కట్టి అందరినీ దూరం పంపారు, నీ ఉత్తరం పుణ్యమా అని. షెడ్డు దగ్గర స్టేషనంతా చేరింది. తాడు చేతిలోకి తీసుకుని మొదటి పట్టు లాగాను. బరువు చేతికి తెలిసిపోయింది. ఇది నా ముప్పయ్యే. రోజూ పొద్దున కిటికీ ముందు లాగిన బరువు. మొదటి అంతస్తు దాటింది. రెండో అంతస్తు దగ్గర భుజంలో నొప్పి మొదలైంది, తాడు వదల్లేదు. సంచి కమ్మీ మీదకు వచ్చేసరికి ముప్పై ఆరు సెకన్లు. కింద ఎవరో ఈల వేశారు. తర్వాత గొట్టం, నిచ్చెన, అన్నీ అయ్యాయి.

ఆఫీసరు కాగితం తీసి, సంతకం పెట్టబోయి ఆగాడు. "భుజం నొప్పి ఉందా? పదికి ఎంత?" అన్నాడు. "ఏం లేదు సార్" అనే మాట నోటి దాకా వచ్చింది. గోదాము రోజు అదే అన్నాను. నీకు బెణికింది అని రాసినప్పుడు అదే రాశాను. ఆ మాట అనేస్తే సాయంత్రానికి నేను నిచ్చెన మీద ఉండేదాన్ని. ఆయన కలం పట్టుకుని చూస్తున్నాడు. నాకు ఆ రేకు మీద సొట్ట కనిపించింది. నేను నీకు ఒక్క అంకె దాచాను, నువ్వు నాకు ఒక్క కప్పీ దాచావు. ఇద్దరం మంచికే చేశామనుకున్నాం. ఆ తాడు నా గదిలో తెగి ఉంటే ఈ ఉత్తరం రాసేది ఓనరమ్మ.

"నాలుగు సార్" అన్నాను.

ఆయన చాలాసేపు రాశాడు. ఫైరింజను మీదకు తీసుకున్నాడు. కానీ ఆరు నెలలు నిచ్చెన ఎక్కకూడదు, పంపు దగ్గరే. తర్వాత డాక్టరు మళ్లీ చూడాలి. దిగుతుంటే ఏడుపొచ్చింది. ఏ ఏడుపో తెలియలేదు. నిన్న పొద్దున గంట మోగితే కుర్చీలోంచి కాదు, బండి మీద నుంచి గేటు దాటాను. కంట్రోల్ రూము కిటికీలో ఆ కొత్త అమ్మాయి నిలబడి చెయ్యి ఊపింది.

ఆఫీసరుకు రాసినందుకు నీ మీద కోపం ఇంకా ఉంది. సెలవుకు వచ్చినప్పుడు ఎదురుగా తిడతాను, కాగితం మీద సరిపోదు. గ్రీజు కొత్త తాడు వేశాడు. ఒంటి తాడే, పెద్ద కప్పీ మీదుగా సూటిగా. నీ చిన్న కప్పీ ఈ కవరులోనే పెట్టాను. నీ బల్ల మీద పెట్టుకో, రోజూ కనిపించాలి. గుడ్డ కూడా ఉంది, ఈసారి మెల్లగా తుడిచాను.

ఇవాళ ప్లేట్లు పన్నెండు కిలోలు. చేతికి వచ్చింది పన్నెండు. భుజం నొప్పి నాలుగు.

నాలుగంటే నాలుగేరా మేకూ. రెండు కాదు, ఎనిమిదీ కాదు.

ఆరు నెలలు నేల మీదుండే
నీ నిచ్చెన